లాంజింగ్‌లో సహాయక పగ్గాలు: గుర్రం నిలువునా లేచి వెనక్కి పడబోయింది, ఎక్కడ పొరపాటు జరిగింది?

శంకర్‌పల్లి_రౌతు
జనవరి 18, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. శంకర్‌పల్లి దగ్గర మాకు నాలుగు గుర్రాలున్న చిన్న శాల ఉంది. వాటిలో ఒకటి పందాల నుంచి విరమించిన ఏడేళ్ల థరోబ్రెడ్ (పందాల జాతి) గెల్డింగ్, అంటే విత్తులు తీసిన మగ గుర్రం. మనిషి దగ్గర చాలా మంచిది, కానీ తల ఎప్పుడూ ఆకాశంలోనే ఉంచుతుంది. జీను వేసి ఎక్కితే మెడ కింది కండరం ఉబ్బించి, వీపు పల్లం చేసి, చిన్న చిన్న అడుగులతో పరుగెత్తుతుంది.

తల కిందికి తేవడానికి లాంజింగ్ (పొడవాటి తాడు పట్టుకొని గుర్రాన్ని మన చుట్టూ వలయంలో తిప్పడం) చేయించమని, దానికి పెస్సోవా అనే సహాయక పగ్గాల పరికరం వాడమని తెలిసిన శిక్షకుడు ఒకరు సలహా ఇచ్చారు. నిన్న ఉదయం ఆయనే స్వయంగా వచ్చి సర్సింగిల్ (ఒంటి చుట్టూ కట్టే పట్టీ) బిగించి, వెనుక తొడల చుట్టూ వచ్చే తాడును, నోటి దగ్గరి కప్పీలను మొదటిరోజే పొట్టిగా కట్టారు. ట్రాట్‌లో (నడకకూ దౌడుకూ మధ్య వేగంలో) రెండు చుట్లు తిరిగిందో లేదో, వెనుక తాడు తోక కిందికి జరిగింది. గుర్రం ఒక్కసారి వెనుకకాళ్లు విసిరింది. ఆ విసురుకు తాడు నోటిని లాగింది. తల ఎత్తబోతే తాడు ఎత్తనివ్వలేదు, ముందుకు పోబోతే మళ్లీ నోరే అడ్డం వచ్చింది. ఇంకెటూ దారి లేక నిలువునా లేచి, వెనక్కి వాలి, పక్కకు జారి మోకాళ్ల మీద పడింది. దేవుడి దయవల్ల పైపై గీతలతో పోయింది. గుర్రాలను చూసుకొనే మా సైసు చేతికి మాత్రం తాడు ఒరుసుకొని తోలు లేచిపోయింది.

"రెండు రోజులు ఇలాగే చేస్తే లొంగుతుంది" అని ఆయన అన్నారు. నేను ఒప్పుకోలేదు. అయితే పరికరమే చెడ్డదా, మేము కట్టిన తీరు చెడ్డదా, అసలు ఈ గుర్రానికి ఇది అవసరమా అన్నది నాకు స్పష్టంగా తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సంచాలకుడు
జనవరి 18, రాత్రి 9:45

కొత్తగా చేరినవారి కోసం ఒక మాట. శీర్షికలోని ఈ ఆంగ్ల పదాన్ని పలికినట్టే మన లిపిలో రాస్తే ఇంట్లో పెద్దల ముందు చదవలేని మాటవుతుంది. అందుచేత ఈ వేదికలో మొదటినుంచీ "లాంజింగ్" అని దీర్ఘం పెట్టి రాస్తున్నాము. ఫ్రెంచి మూలపదం ఉచ్చారణకు కూడా ఇదే దగ్గరగా ఉంటుంది. దయచేసి అందరూ ఇలాగే రాయండి.

మాజీ_రిసాలా
జనవరి 19, ఉదయం 5:50

ముందుగా మీ సైసు చేయి సంగతి. గాయాన్ని శుభ్రంగా కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ చేయించారో లేదో చూడండి. గుర్రాల పేడ ఉన్న నేలలో ఆ జబ్బు భయం ఎక్కువ, దాన్ని తేలికగా తీసుకోకూడదు.

ఇక విషయానికి వస్తాను. పోలీసు ఆశ్విక దళంలో ఇరవై ఆరేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఈ పరికరాలన్నీ గుర్రానికి ఒకే ఒక్క మాట చెప్పగలవు: "ఇటు వస్తే ఒత్తిడి ఉండదు." ఆ "ఇటు" ఎటో గుర్రానికి తెలియకముందే ఒత్తిడి మొదలుపెడితే అది దారి వెతుక్కుంటుంది. ముందుకు దారి మూసేసి, పైకి దారి మూసేసి, వెనుకనుంచి తాడుతో తరిమితే దానికి మిగిలిన దారి నిలువునా లేవడమే. మీ గుర్రం ఎదురు తిరగలేదండీ, మిగిలిన ఆ ఒక్క తలుపు గుండా బయటపడబోయింది.

మా దగ్గర కొత్త గుర్రం వస్తే కనీసం పది రోజులు ఏ పగ్గమూ కట్టకుండా కావెసన్ (ముక్కు మీద కడియం ఉన్న తలకట్టు), లాంజ్ తాడు, కొరడా, మాట, ఈ నాలుగింటితోనే తిప్పేవాళ్లం. నడవమంటే నడవాలి, ఆగమంటే వలయం మీదనే ఆగాలి, రెండు వైపులా. అది రాని గుర్రానికి సహాయక పగ్గం కట్టడమంటే బడిలో చేరని పిల్లవాడికి పరీక్ష పెట్టడమే. తాడు సంగతి కూడా చెప్పాలి. చేతికి ఎప్పుడూ చుట్టుకోకూడదు. ఎనిమిది అంకె ఆకారంలో మడతలు వేసి అరచేతిలో పరచుకోవాలి, ఒక్కొక్క మడత దానంతటది జారిపోయేలా. చేతి తొడుగులు, బూట్లు, హెల్మెట్ లేకుండా మా రిసాల్దారు మైదానంలోకి అడుగుపెట్టనిచ్చేవారు కాదు. అప్పట్లో తిట్టుకునేవాళ్లం.

బవేరియా_తెలుగమ్మాయి
జనవరి 19, మధ్యాహ్నం 1:20

రిసాలా గారు చెప్పినదానికి కొంత చేరుస్తాను. నేను ఉద్యోగరీత్యా మ్యూనిక్ దగ్గర ఉంటూ ఆరేళ్లుగా ఇక్కడి గుర్రపుశాలలో స్వారీ నేర్చుకుంటున్నాను. జర్మనీ అశ్వ సమాఖ్య లాంజింగ్‌కు ప్రత్యేకంగా పరీక్ష పెట్టి పతకం ఇస్తుంది. అంటే స్వారీ వచ్చినంత మాత్రాన లాంజింగ్ వచ్చినట్టు ఇక్కడ లెక్క కాదు. ఆ పరీక్షకు చదివినప్పుడే నాకు ఈ పగ్గాల లెక్క అర్థమయింది.

ఇక్కడి శిక్షణ సోపానంలో మెట్లు ఆరు: లయ, సడలింపు, నోటి సంపర్కం (పగ్గం ద్వారా నోటితో ఉండే మెత్తటి సంబంధం), ఊపు, తిన్నదనం, కూడిక (ఒళ్లు కూడదీసుకొని బరువు వెనుకకాళ్ల మీదికి తెచ్చుకోవడం). సైడ్ పగ్గాలైనా, పెస్సోవా అయినా, ఇంకేదైనా మూడో మెట్టుకు సంబంధించిన వస్తువులు. మొదటి రెండు మెట్లు ఎక్కని గుర్రానికి, అంటే అడుగు ఒకే లయలో పడని, ఒళ్లు సడలని గుర్రానికి, మూడో మెట్టు వస్తువు కడితే తల మాత్రం కిందికి వస్తుంది. వీపు రాదు. ఫోటోలో రెండూ ఒకేలా కనబడతాయి, అక్కడే మోసపోతాము.

పరికరాల మధ్య తేడా తెలుసుకోవడం కూడా అవసరం, ఎందుకంటే అన్నీ ఒకే చోట పట్టవు. సైడ్ పగ్గం బిట్ (నోట్లో ఉండే కళ్లెం ఇనుము) కడియం నుంచి సర్సింగిల్ పక్క కడియానికి నేరుగా పోతుంది. గుర్రం ముందుకు చాచడానికి వీలుండదు, కానీ అమరిక నిలకడగా ఉంటుంది. వియన్నా పగ్గం, దాన్నే త్రికోణ పగ్గం అంటారు, ముందుకాళ్ల మధ్య, పొట్ట కింది తంగు పట్టీ నుంచి బయలుదేరి బిట్ కడియంలోనుంచి జారి పక్క కడియానికి చేరుతుంది. జారుతుంది కాబట్టి గుర్రం తలను కిందికీ ముందుకూ చాచుకోవచ్చు. షాంబోన్ నెత్తిమీద పనిచేస్తుంది. తల ఎత్తితే చెవుల వెనుక ఒత్తిడి, దించగానే పూర్తిగా ఖాళీ. కానీ అది తల దించడం మాత్రమే చెబుతుంది, నోటి సంపర్కం గురించి ఏమీ చెప్పదు. పైగా ఎక్కి స్వారీ చేసేటప్పుడు వాడవలసినది కానే కాదు. పెస్సోవా ఒక్కటే వెనుకభాగాన్నీ నోటినీ ఒకే తాడుతో కలుపుతుంది. బ్రెజిల్‌కు చెందిన ప్రఖ్యాత జంపింగ్ రౌతు నెల్సన్ పెస్సోవా పేరు దానికి వచ్చింది. అనుభవజ్ఞుల చేతిలో దానికి ప్రయోజనం లేదనను. అయితే వెనుక కాలు వేసే ప్రతి అడుగూ నోటికి చేరుతుంది కాబట్టి, వదులుగా కట్టకపోతే ప్రతి అడుగుకూ ఒక కుదుపే.

అంతర్జాతీయ డ్రెసాజ్ (గుర్రం నడకల తీరును, శిక్షణను చూసే పోటీ) పోటీల ఆవరణలో లాంజింగ్‌కు సైడ్ పగ్గాలనూ, జారే జంట పగ్గాలనూ అనుమతిస్తారు తప్ప తక్కినవాటిని ఒప్పుకోరు. మొదటిసారి ఏది కొనాలని ఎవరైనా అడిగితే అదే నా జవాబు కూడా.

పగ్గాలెందుకు
జనవరి 19, రాత్రి 8:05

క్షమించాలి, నా అభిప్రాయం వేరు. ఇవేవీ అక్కర్లేదు. వీటన్నిటినీ కలిపి ఒక మూటకట్టి అటక ఎక్కించండి. గుర్రం తల ఎత్తిందంటే ఎక్కడో నొప్పి ఉంది, లేదా భయం ఉంది. నొప్పిని తాడుతో కట్టేస్తే నొప్పి పోదు, కనబడకుండా పోతుంది. మన ఊళ్లలో పెళ్లి ఊరేగింపు గుర్రాలను చూడండి. మెడ వంపు అందంగా ఉండాలని జేరుబందు బిగించి, గడ్డం ఛాతీకి ఆనేలా చేసి, డప్పుల మధ్య గంటలకొద్దీ నిలబెడతారు. దాన్ని చూసి బాధపడే మనమే, శిక్షణ పేరుతో విదేశీ పరికరం కట్టి అదే పని చేస్తున్నాము.

పశువైద్యుడు_గుంటూరు
జనవరి 19, రాత్రి 10:30

పై సభ్యుని ఆవేశంలో నిజం ఉంది, కానీ అది సగమే. నొప్పి ఉందా లేదా అన్నది ముందు తేల్చాలన్నంతవరకు పూర్తిగా ఏకీభవిస్తాను. తల ఎత్తే గుర్రాన్ని నా దగ్గరకు తెస్తే నేను చూసే వరుస ఇది: మొదట నోరు, తరువాత వీపు, తరువాత కాళ్లు, చివర కడుపు.

నోటిలో పై దవడ దంతాలకు బయటివైపు, కింది దవడ దంతాలకు నాలుకవైపు వాడి అంచులు పెరుగుతాయి. బిట్ కడియం చెంపను లోపలికి నొక్కిన ప్రతిసారీ ఆ అంచు కోస్తుంది. తోడేలు పన్ను (దవడ పళ్లకు ముందు మొలిచే చిన్న పన్ను) ఉంటే బిట్ నేరుగా దానికి తగులుతుంది. వీపులో, ముఖ్యంగా జీను కింద, వెన్నుపూసల ముళ్లు ఒకదానికొకటి ఒరుసుకొనే సమస్య థరోబ్రెడ్‌లలో తరచుగా కనిపిస్తుంది. పందాలలో తిరిగిన గుర్రాలకు కడుపులో పుళ్లు ఉండడం చాలా మామూలు విషయం, తంగు బిగిస్తే కొరకడానికి వస్తుందంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. వీటిలో ఏది ఉన్నా మీరు ఏ పగ్గం కట్టినా అది చికిత్స కాదు.

కానీ నొప్పి తీసేసిన తరువాత కూడా అలవాటు మిగులుతుంది. రెండేళ్ల వయసునుంచే పందాలలో పరుగెత్తిన గుర్రానికి పగ్గం మీద ఆనుకొని వేగం పెంచడమే వచ్చు. మెడ కింది కండరం బలిసి, పైకండరం సన్నబడి ఉంటుంది. నెత్తి వెనుకనుంచి మూపు మీదుగా పోయే స్నాయువు తల దించినప్పుడు బిగిసి వీపును పైకి లాగుతుంది. ఆ భంగిమలో క్రమంగా పనిచేయిస్తేనే కండరం మారుతుంది. దానికి జాగ్రత్తగా కట్టిన త్రికోణ పగ్గం కొంతకాలం సాయం చేస్తే నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరమంతా తనిఖీ లేకుండా కట్టడం మీదనే.

ఇంకొకటి. మీరు ఎంత వలయం మీద తిప్పారు?

శంకర్‌పల్లి_రౌతు
జనవరి 20, ఉదయం 7:15

డాక్టరు గారూ, మాకు ఉన్నది పది మీటర్ల వ్యాసం గల కంచె వలయం. పక్కన చదును చేసిన పొలం ఉంది గానీ అక్కడ కంచె లేదు. తంగు బిగించేటప్పుడు చెవులు వెనక్కి పెడుతుంది, కొరకదు.

లెక్కల_మాస్టారు
జనవరి 20, ఉదయం 11:40

నేను గుర్రాల మనిషిని కాను, మా అమ్మాయి స్వారీ నేర్చుకుంటోంది కనుక ఈ వేదిక చదువుతుంటాను. వలయం కొలత చూడగానే లెక్క వేయకుండా ఉండలేకపోయాను.

ట్రాట్ వేగం సెకనుకు 3.5 మీటర్లు అనుకుందాం. పది మీటర్ల వ్యాసం అంటే వ్యాసార్ధం 5 మీటర్లు. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే 2.45, అంటే గురుత్వంలో నాలుగో వంతు పక్కబలం. ఆ బలాన్ని తట్టుకోవడానికి గుర్రం సుమారు 14 డిగ్రీలు లోపలికి వాలాలి. అదే ఇరవై మీటర్ల వలయమైతే 7 డిగ్రీలు చాలు. కాంటర్‌లో (ట్రాట్ కంటే వేగమైన నెమ్మది దౌడులో) సెకనుకు 5 మీటర్లు వేసుకుంటే చిన్న వలయంలో వాలు 27 డిగ్రీల దాకా పోతుంది.

పది మీటర్ల వలయం చుట్టుకొలత 31 మీటర్ల పైచిలుకు. ట్రాట్‌లో తొమ్మిది సెకన్లకు ఒక చుట్టు, పది నిమిషాలకు 66 చుట్లు. అంతసేపూ ఆ వాలులోనే లోపలి కాళ్ల మీద పని. దానికితోడు తలను కట్టేస్తే, తూకం సరిచేసుకోవడానికి ఉన్న ఒక్క సాధనమూ పోయినట్టే కదా? గానుగెద్దు తన వలయంలో నడుస్తుందే తప్ప పరుగెత్తదు.

మాజీ_రిసాలా
జనవరి 20, సాయంత్రం 6:30

మాస్టారి లెక్క కళ్లం మీద రైతుకు నోటికి వచ్చినదే. వడ్లు తొక్కించేటప్పుడు గుంజ పక్కన నెమ్మదిగా నడిచే ముసలి ఎద్దును కట్టి, చురుకైన కోడెను బయటివైపు కట్టేవారు. మా నాన్నగారు అలాగే కట్టేవారు, ఎందుకని అడిగితే "లోపల ఉన్నదానికి కాలు మెలిక పడుద్దిరా" అనేవారు.

కాబట్టి రౌతు గారూ, ఆ పది మీటర్ల కంచెలో నడక మాత్రమే చేయించండి. ట్రాట్ కావాలంటే బయటి పొలంలో నాలుగు గుంజలు పాతి, వాటికి తెల్లటేపు చుట్టి, ఇరవై మీటర్ల వలయం గుర్తు పెట్టుకోండి. ఎనిమిది మీటర్ల తాడు చేతిలో ఉంచుకొని మీరు కూడా చిన్న వలయం నడిస్తే గుర్రానికి ఇరవై మీటర్లు దొరుకుతుంది. నల్లరేగడి అయితే వాన పడ్డాక రెండు రోజులు ఆ వైపు పోవద్దు.

బవేరియా_తెలుగమ్మాయి
జనవరి 20, రాత్రి 11:55

పగ్గాలు ఎందుకన్న సభ్యుని మాట గురించి రోజంతా ఆలోచించాను. నేను చూసిన మంచి శిక్షకులలో ఇద్దరు నిజంగానే ఏమీ కట్టరు. కావెసన్ ముక్కు మీది కడియానికి తాడు కట్టి, వలయం ఆకారాన్ని మారుస్తూ, నేల మీద కొయ్యలు పరిచి వాటి మీదుగా నడిపిస్తూ, ట్రాట్ నుంచి నడకకు, నడక నుంచి ట్రాట్‌కు మారుస్తూ అదే ఫలితం రాబడతారు. ఆలస్యంగా వస్తుంది, కానీ నిలుస్తుంది. వారి చేతికి ఉన్న సమయజ్ఞానం నాకు లేదు గనుక నాకు త్రికోణ పగ్గం కావలసివస్తుంది. పగ్గం గుర్రం లోపాన్ని కంటే నా లోపాన్నే ఎక్కువగా పూరిస్తుందని ఒప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

కట్టేవారికోసం నా అలవాట్లు రాస్తున్నాను. పగ్గాలు కట్టుకొని శాల నుంచి మైదానానికి ఎప్పుడూ నడిపించను. గుమ్మం దగ్గర, దారిలో గుర్రం బెదిరితే తల విడిపించుకోలేదు. సర్సింగిల్‌కు తగిలించి ఉంచి, మైదానంలో పది నిమిషాలు ఖాళీగా నడిపించి, కాస్త ట్రాట్ చేయించి, ఒళ్లు వేడెక్కాకనే బిట్‌కు తగిలిస్తాను. నడకలో గుర్రం ప్రతి అడుగుకూ తల ఊపుతుంది, సైడ్ పగ్గం కడితే ఆ ఊపు ప్రతిసారీ గోడకు కొట్టుకున్నట్టు ఆగుతుంది, అందుకని నడకలో విప్పేస్తాను. ట్రాట్‌లో తల దాదాపు కదలదు కాబట్టి అక్కడ ఇబ్బంది తక్కువ.

పొడవు విషయానికి వస్తే, గుర్రం తన సహజ భంగిమలో నిలబడినప్పుడు పగ్గం వేలాడకుండా, లాగకుండా ఉండేంత. ముక్కు ఎప్పుడూ నుదుటి నుంచి దించిన నిలువు గీతకు ముందే ఉండాలి, వెనక్కి పోయిందంటే వెంటనే రెండు రంధ్రాలు వదులుతాను. గుర్రం కొత్తదైతే మొదటి రోజు ఒక్కటే పగ్గం, అది కూడా బయటివైపు, వదులుగా కడతాను. రెండూ ఒకేసారి బిగించి చూద్దామన్న తొందరే మీ దగ్గర ప్రమాదానికి కారణమైందని నా ఊహ.

పగ్గాలెందుకు
జనవరి 21, ఉదయం 6:20

నేలమీది కొయ్యల సంగతి చెప్పినందుకు ధన్యవాదాలు. నేను చెప్పదలచింది అదే, మాట కటువుగా వచ్చింది. అయినా ఒక ప్రశ్న. "మంచి చేతిలో ప్రమాదం లేదు" అని ప్రతి పరికరం గురించీ అంటారు. సంతలో కొనేవాడి చేయి మంచిదో కాదో పరికరానికి ఎలా తెలుస్తుంది? ముక్కుపట్టీ బిగింపుకు, పట్టీ కింద రెండు వేళ్లు దూరాలన్న నియమం ఎంతకాలంగానో ఉన్నా, ఎవరి వేళ్లు అన్న వాదన తెగక, 2025లో అంతర్జాతీయ పోటీలకు ప్రత్యేక కొలబద్ద తేవలసి వచ్చింది. సహాయక పగ్గాలకు అలాంటి కొలబద్ద ఏదీ లేదు.

పశువైద్యుడు_గుంటూరు
జనవరి 21, మధ్యాహ్నం 2:10

సరైన ప్రశ్న. కొలబద్ద లేదు గనుక గుర్రం ముఖాన్నే కొలబద్దగా చదవడం నేర్చుకోవాలి. నోరు తెరుచుకోవడం, నాలుక పక్కకు వేలాడడం, పళ్లు కొరకడం, తోక గిరగిరా కొట్టడం, కళ్ల చుట్టూ ముడతలు, అడుగు పొట్టిపడడం, మెడ నెత్తి దగ్గర కాకుండా దానికి జానెడు వెనుక విరిగినట్టు వంగడం, ఇవి కనిపిస్తే పగ్గం పొట్టిగా ఉన్నట్టు. కాంటర్‌లో ముందుకాళ్లు ఒకవైపు, వెనుకకాళ్లు మరోవైపు పడితే తూకం పోయినట్టు. ముక్కు బుసలు తగ్గి మెత్తగా చీదడం వినిపించడం, చెవులు వదులై ఊగడం, నోటి అంచున కొద్దిగా నురగ, తోక నిలకడగా ఊయలలా కదలడం మంచి గుర్తులు. ఛాతీ మీదుగా ధారకట్టే నురగను మాత్రం మంచి గుర్తుగా లెక్కించకండి. మెడ అతిగా ముడుచుకున్నప్పుడు గుర్రం ఉమ్మిని మింగలేక కూడా అది కారుతుంది.

సమయం: రెండు వైపులా కలిపి ఇరవై నిమిషాలు, అందులో పగ్గం కట్టి చేసేది పది నిమిషాలకు మించకూడదు. మూడు నాలుగు నిమిషాలకు ఒకసారి వైపు మార్చాలి. ఎదుగుతున్న గుర్రపుపిల్లలకు ఇందులో సగం కూడా ఎక్కువే. మన ఎండలలో మార్చి నుంచి ఉదయం ఎనిమిది దాటితే నేను వద్దంటాను. పని ముగిసిన పది నిమిషాలకు నాడి నిమిషానికి 60 లోపుకు దిగకపోతే ఆ రోజు మీరు ఎక్కువ చేయించారని అర్థం. విశ్రాంతిలో ఉన్న పెద్ద గుర్రానికి అది 28 నుంచి 44 మధ్య ఉంటుంది.

మాజీ_రిసాలా
జనవరి 21, సాయంత్రం 7:00

ఒక చిన్న ఉపాయం. సైడ్ పగ్గాన్ని సర్సింగిల్ కడియానికి నేరుగా తగిలించకండి. మధ్యలో పురికొసతో ఒక చిన్న ఉంగరం కట్టి దానికి తగిలించండి. గుర్రం నిజంగా బెదిరి లాగితే పురికొస తెగుతుంది, దవడ బతుకుతుంది. గడ్డిమోపులకు కట్టే ప్లాస్టిక్ తాడు మాత్రం వాడవద్దు, అది మనిషిని వేలాడదీసినా తెగదు. పురికొస కూడా నాలుగు పేటలు వేస్తే తెగదు, ఒక్క పేట చాలు. నెలకు ఒకసారి మార్చండి, చెమటకు తడిసి ఎండి గట్టిపడుతుంది.

ఇంకా ఒకటి, లాంజ్ తాడును బిట్ లోపలి కడియానికి ఒక్కదానికే కొక్కెం వేసేవారిని ఇప్పటికీ చూస్తుంటాను. లాగితే బిట్ మొత్తం నోట్లోనుంచి పక్కకు వస్తుంది. నెత్తిమీదుగా తిప్పి అవతలి కడియానికి కట్టడం ఇంకా కఠినం. కావెసన్ కొనడానికి డబ్బు లేకపోతే, గట్టిగా అమరిన తలకట్టు ముక్కు కడియానికి కట్టుకోండి.

శంకర్‌పల్లి_రౌతు
ఫిబ్రవరి 16, ఉదయం 9:30

నెల రోజుల తరువాత వస్తున్నాను, మన్నించాలి. డాక్టరు గారు చెప్పిన వరుసలోనే చూపించాము. నోరు తెరవగానే కుడి పైదవడ చివరి దంతాలకు కత్తిలాంటి అంచులు, వాటికి ఎదురుగా చెంప లోపల పాతపుండు కనిపించాయి. పశువైద్యులు మత్తు ఇచ్చి ఆకురాయితో అంచులు అరగదీశారు. వారం రోజులు బిట్ వేయలేదు. కడుపు సంగతికి ఎండోస్కోపీ చేయించే వీలు మా దగ్గర లేదు. దాణా తగ్గించి, పచ్చగడ్డి పెంచి, పనికి ముందు కొంచెం గడ్డి తినిపిస్తున్నాము.

పొలంలో గుంజలు పాతి ఇరవై మీటర్ల వలయం చేశాము. రెండు వారాలు కావెసన్ ఒక్కటే. మొదటి నాలుగు రోజులు తాడు చివర గాలిపటంలా ఎగిరింది. ఆరో రోజు ఆగమన్న మాటకు వలయం మీదనే ఆగింది. పదో రోజు ఎడమవైపు ట్రాట్‌లో, ఏమీ కట్టకుండానే, తల మోకాళ్ల ఎత్తుకు దించి చీదింది. మా సైసు "సార్, చూశారా" అని కేక వేస్తే అది మళ్లీ తల ఎత్తేసింది.

ఇప్పుడు వారంలో రెండు రోజులు త్రికోణ పగ్గం వదులుగా, పురికొస ఉంగరంతో కడుతున్నాను. మరో రెండు రోజులు కొయ్యల మీద నడక. ఎడమవైపు చాలా బాగుంది. కుడివైపు మాత్రం ఇంకా భుజం లోపలికి పడేసి వలయాన్ని చిన్నది చేసుకుంటుంది. కుడివైపు లోపలి పగ్గం రెండు రంధ్రాలు పొట్టి చేయమని పాత శిక్షకులు ఫోనులో చెప్పారు. చేయవచ్చా?

బవేరియా_తెలుగమ్మాయి
ఫిబ్రవరి 16, సాయంత్రం 4:45

వద్దు. లోపలికి పడే భుజానికి లోపలి పగ్గం పొట్టి చేస్తే ముక్కు మాత్రం లోపలికి వస్తుంది, భుజం ఇంకా పడుతుంది. రెండూ సమానంగా ఉంచి, కొరడా మొనను వెనుకకాలివైపు కాకుండా భుజం వైపు చూపించి, అది బయటికి జరిగిన మరుక్షణం మొన దించండి. కొరడా తగలనక్కర్లేదు.

పశువైద్యుడు_గుంటూరు
ఫిబ్రవరి 16, రాత్రి 9:20

పుండు ఉన్నది కుడి చెంపలోనే కదా. ఎన్ని నెలలు ఆ వైపు ఒత్తిడిని తప్పించుకోవడానికి మెడను ఒక రకంగా పట్టి ఉంచిందో మనకు తెలియదు. మరో ఆరు వారాలు ఇవ్వండి. అప్పటికీ కుడివైపే కష్టపడుతుంటే గట్టినేల మీద తిన్నగా ట్రాట్ చేయించి వీడియో పంపండి, కుంటు ఉందేమో చూస్తాను. వలయం మీద మామూలు గుర్రం కూడా కొంచెం ఎగుడుదిగుడుగానే కనబడుతుంది, అందుకని తిన్నటి దారిలోనే తీయాలి.

పిల్లల_స్వారీబడి
ఫిబ్రవరి 17, ఉదయం 10:15

ఈ చర్చ మొదటినుంచీ చదివాను. మా దగ్గర పిల్లలకు తొలి పాఠాలు లాంజ్ తాడు మీదనే చెబుతాము, గుర్రానికి సైడ్ పగ్గాలు ఉంటాయి. పిల్లవాడు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వాటిని విప్పాలా? ప్రతిసారీ విప్పి తగిలించడానికి సమయం పోతోందని మా సైసులు అంటున్నారు.

మాజీ_రిసాలా
ఫిబ్రవరి 17, సాయంత్రం 6:10

విప్పాలి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెండుసార్లూ. జీను మీద బరువు పక్కకు వాలే క్షణంలో గుర్రం తల ఎత్తి తూకం సరిచేసుకుంటుంది. తల కట్టి ఉంటే వెనక్కి అడుగు వేస్తుంది, అది ఎక్కడిదాకా పోతుందో శంకర్‌పల్లి వారి మొదటి సందేశంలో చూశారు కదా, అక్కడ వీపు మీద ఎవరూ లేరు. రెండు కొక్కేలు విప్పి తగిలించడానికి పట్టే సమయం గడియారం పట్టి చూడమని మీ సైసులకు చెప్పండి. మా బారకాసుల్లో కొత్త జవాను కూడా ఇరవై సెకన్లు దాటించేవాడు కాదు.

శంకర్‌పల్లి_రౌతు
ఫిబ్రవరి 18, ఉదయం 7:40

నిన్న భుజం వైపు కొరడా మొన చూపించి చూశాను. కుడివైపు ఆరు చుట్లలో రెండు చుట్లు పూర్తి వలయం దొరికింది, పగ్గాలు సమానంగానే ఉన్నాయి. ఆ పెస్సోవా సెట్టు ఇక మాకు అక్కర్లేదు. అమ్ముదామంటే మనసొప్పలేదు, దాని తాడును ముక్కలు చేసి గడ్డివలలు కట్టుకున్నాము, కప్పీలు బావి దగ్గరకు పోయాయి.